ఎర్ర కోటు తొడుక్కున్న ద్రాక్షతీగ

ఆ రోజుల్లో ఢిల్లీలో కాపురముండే తెలుగువాళ్ళందరికీ చలి గురించి గొప్పలు చెప్పుకునే అలవాటు ఒకటుండేది. ఊరి నుంచి చుట్టాలెవరైనా వస్తే చాలు, ఇక్కడ కొబ్బరినూనె రాయిలా గడ్డకడుతుందని, పొద్దున్నే కుళాయి కింద చెయ్యి పెడితే వేళ్ళు మనవి కాకుండా పోతాయని, పొగమంచులో ఎదురింటి తలుపు కూడా కనబడదని, ఆ మంచేదో మేమే తయారుచేసి వదులుతున్నంత ధీమాగా చెప్పేవాళ్ళం. అంత చలిని అన్నేళ్ళు భరించి, దాని మీద అన్ని ఉపన్యాసాలిచ్చిన మా ఇంట్లోవాళ్ళకు, చలి మొక్కలకు కూడా వేస్తుందన్న సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు. ఇది తొంభైల మధ్యలో జరిగిన ముచ్చట. అప్పుడు నేను నెహ్రూ ప్లేస్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో కొత్తగా ఉద్యోగంలో చేరి, నాకు తెలియని విషయం ప్రపంచంలో లేదని గట్టిగా నమ్ముతున్నాను (ఆ నమ్మకం ఎలా పోయిందో మీకే తెలుస్తుంది).

మేముండేది ఆర్.కె. పురంలో, ప్రభుత్వ క్వార్టర్‌లో. నాన్న కేంద్ర ప్రభుత్వంలో అధికారి. ఇంట్లో ఉల్లిపాయలు అయిపోయాయన్నా "పరిశీలిద్దాం" అనే రకం. అమ్మ, నేను, తాత, నాయనమ్మ, ఇంకా పెళ్ళికాని మా కాక, అంటే నాన్న తమ్ముడు, అందరం ఆ రెండు గదుల్లోనే సర్దుకునేవాళ్ళం. తాతకు మేడ్చల్ వైపు ద్రాక్షతోట ఉండేది. వాళ్ళ నాన్న పెట్టిన తోట. హైదరాబాద్ పెరుగుతూ పెరుగుతూ వచ్చి ఆ తోట గట్టు మీదే కూర్చుంది. బోర్లు ఎండిపోయాయి, చుట్టూ ఇళ్ళు లేచాయి, చివరికి తాత తోట అమ్మేసి మా దగ్గరికి వచ్చేశాడు. వచ్చినప్పటి నుంచి బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద పార్కులో మాలీ గులాబీలు కత్తిరించే తీరు చూసి పళ్ళు కొరుక్కోవడం తప్ప ఆయనకు వేరే పని లేకపోయింది. తిండి తగ్గింది, మాట తగ్గింది. అది చూడలేక కాక గుర్‌గాఁవ్ దాటాక సోహ్నా రోడ్డు పక్కన ఎకరం నేల వెతికాడు. తోట అమ్మగా వచ్చిన డబ్బుతో ఆ నేల కొన్నాక మళ్ళీ ఇంట్లో తాత గొంతు వినబడటం మొదలైంది.

మా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. ద్రాక్షపాదు ఎవరో ఒకరి పేరు మీదనే నాటాలి. బిడ్డ పుడితే ఒక పాదు, కోడలు వస్తే ఒక పాదు. ఆడపిల్ల పెళ్ళయి వెళ్ళేటప్పుడు ఆమె పాదు నుంచి ఒక కొమ్మ కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి వెంట పంపాలి. తాత హైదరాబాద్ వెళ్ళి, తెలిసినవాళ్ళ తోటల్లోంచి నల్ల ద్రాక్ష కొమ్మలు అడిగి, తడి గోనెసంచిలో కట్టి తెచ్చాడు. రైల్లో కింది బెర్తు మీద వాటిని పడుకోబెట్టి తను మాత్రం దారి పొడుగునా కాళ్ళ దగ్గర కూర్చుని వచ్చాడట. నేల పెద్దది, మేం కొద్దిమందిమి. ఇంట్లోవాళ్ళ పేర్లు అయిపోతే మేనత్తల పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు, అవీ అయిపోతే మా స్కూటరు మెకానిక్ పేరు కూడా పెట్టి నాటాం. (మెకానిక్ పాదే అన్నిటికంటే ఏపుగా పెరిగింది. ఆ మాట నాన్న ముందు ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు.)

నల్ల ద్రాక్షే ఎందుకంటే, అది కాక ఆలోచన. "తినే ద్రాక్ష ఇక్కడ గల్లీ గల్లీకి బండ్ల మీద అమ్ముతరు. మనం వైన్ ద్రాక్ష పండియ్యాలె. ఒక పెద్ద హోటలోళ్ళు ఈ దిక్కుననే వైన్ జేసే ఫ్యాక్టరీ పెడుతున్నరు. వాళ్ళ సారు నాకు ఎరుకే" అన్నాడు. వైన్ అన్న మాట వినగానే నాన్న లేచి వెళ్ళి కిటికీ మూశాడు. పక్క క్వార్టర్‌లో ఉండేది ఆయన పై అధికారి మరి. "కాండక్ట్ రూల్స్ అని ఒకటుంటయి తమ్మీ. రేపు విజిలెన్సోళ్ళొస్తే ఏమని చెప్పాలె?" అన్నాడు. మనం అమ్మేది పండ్లేననీ, వాటితో ఎవరేం చేసుకున్నా మనకు సంబంధం లేదనీ కాక వాదించాడు. చివరికి ఇంట్లో ఆ పదం వాడకూడదనీ, అవసరమైతే 'ద్రాక్షాసవం' అనాలనీ ఒప్పందం కుదిరింది. నాయనమ్మకైతే అది దగ్గుమందుకోసమే పండిస్తున్నామని చెప్పాం. ఆమె తల ఊపింది.

మొదటి రెండేళ్ళూ తీగల్ని పందిరెక్కించడంతోనే సరిపోయింది. చలికాలం వచ్చేసరికి అవి ఆకులన్నీ రాల్చేసి ఎండుకట్టెల్లా నిలబడేవి. మళ్ళీ ఎండలు రాగానే చిగురించేవి. "పసివి గదా, చలికి ఓర్సుకోలె. పెద్దగైతే అవే ఆగుతయి" అని తాత తీర్పు చెప్పాడు. మేడ్చల్‌లో ద్రాక్షతోటకు చలికాలంలో ఆకు రాలడమన్నది ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూడలేదు. అక్కడ దసరా పోగానే తీగను కత్తిరిస్తారు, చలికాలమంతా అది పూసి కాస్తుంది, ఎండాకాలం మొదట్లో గెలలు కోస్తారు. ఆ లెక్క ఆయన ఒంట్లో ఇంకిపోయింది. మూడో ఏడు కాపుకు వచ్చే ఏడు కాబట్టి తాత దసరా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

అదే సమయంలో నాన్న ఒక మాట ఖరాఖండిగా చెప్పేశాడు. ఆ రోడ్డంతా బిల్డర్లు కొనేస్తున్నారు. ఒకాయన ప్రతి దీపావళికీ మా ఇంటికి మిఠాయి డబ్బా పంపి, నేల సంగతి అడిగి వెళ్ళేవాడు. నాన్న రిటైరయితే క్వార్టర్ ఖాళీ చేయాలి, తలదాచుకోవడానికి ఫ్లాటు కావాలి. "ఈ ఏడు పంట హోటలోళ్ళు తీసుకుంటే తోట ఉంటది. తీసుకోకపోతే అమ్మేద్దాం నాయినా. నేను ఇంకా ఆగలేను" అన్నాడు. తాత కాదనలేదు. "సరే బిడ్డా, ఈ ఏడు చూద్దువుగాని" అని మాత్రం అన్నాడు. ఒక తోట చేజారిన మనిషి రెండోది కూడా పోతుందేమోనని ఎంత భయపడి ఉంటాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. నా దృష్టంతా మొదటి జీతంతో సరోజినీ నగర్‌లో కొన్న ఎర్ర కోటు మీద ఉంది. మోకాళ్ళ దాకా ఉండే కోటు. విదేశాలకు పంపబోయి ఒక బొత్తాం వంకరగా ఉందని ఆపేసిన సరుకు. ఆ వంకర బొత్తాన్ని చేత్తో కప్పుకుని నడిస్తే నాకు అచ్చం లండన్‌లో ఉన్నట్టే ఉండేది (లండన్ నేను ఇప్పటికీ చూడలేదు).

దసరా నాడు ఆయుధపూజలో తోట కత్తెరకు పసుపుకుంకుమలు పెట్టి, మర్నాడు అందరం తోటకు వెళ్ళాం. ముందు తాత, వెనక మేం, ఎవరి పాదు దగ్గర వాళ్ళం నిలబడితే తాత ఒక్కొక్కటే కత్తిరించుకుంటూ వచ్చాడు. పక్క పొలం చౌదరి గట్టు మీద హుక్కా పీలుస్తూ చూస్తున్నాడు. అతను ఆవాలు తప్ప జన్మలో ఇంకోటి పండించలేదు. అయినా సలహా ఇవ్వడానికి అదేమీ అడ్డం కాలేదు. "తాఊ, జాడే మే బేచారీ కో నంగీ కర్ దియా?" అన్నాడు. చలికాలం ముందు పాపం దాన్ని బట్టల్లేకుండా నిలబెట్టావేంటి అని. తాత కత్తెర ఆపకుండానే "హమ్ కో మాలూమ్ హై భయ్యా" అన్నాడు హైదరాబాదీ హిందీలో. మేమంతా చౌదరిని చూసి జాలిగా నవ్వాం.

దీపావళికల్లా తోటంతా లేత చిగుళ్ళు. బిల్డరు పంపిన మిఠాయి డబ్బా పక్కన పెట్టుకుని తాత రోజూ చిగుళ్ళ వర్ణన చేసేవాడు. డిసెంబర్ వచ్చింది. ఆ చిగుళ్ళు ఎక్కడివక్కడే నిలబడిపోయాయి. ఒక ఆదివారం చౌదరి తనే నడిచివచ్చి, ఆకాశం చూసి, "అబ్ పాలా పడేగా" అన్నాడు. ఆవాల మీద మంచు గడ్డకట్టి కూర్చుంటుందట, దాన్నే పాలా అంటారట. మరి ద్రాక్ష సంగతేంటని కాక అడిగితే చౌదరి హుక్కా గొట్టం నోట్లోంచి తీయకుండానే ఇక పోయినట్టే అన్నట్టు చెయ్యి అటూ ఇటూ ఊపాడు. తాత ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఆయన తీగ తీగ దగ్గరికీ వెళ్ళి చిగురు ముట్టుకుని, "వీటికి కప్పుకోను ఏమన్న ఉండాలె" అన్నాడు మెల్లగా.

ఆ మర్నాడు మా ఇంట్లో జరిగింది చూస్తే ఎవరికైనా మేం క్వార్టర్ ఖాళీ చేసి పారిపోతున్నామనే అనుమానం వచ్చేది. నాయనమ్మ బీరువాలు, ట్రంకుపెట్టెలు అన్నీ తెరిచింది. ఆమెకు ఆనవాయితీ అంటే ఆనవాయితీయే. ఎవరి పాదుకు వాళ్ళ బట్టే కట్టాలి, ఒకరిది ఇంకొకరికి కడితే దోషమట. నాన్న పాదుకు నాన్న మఫ్లరు, ఆఫీసుకు వేసుకెళ్ళే కోటు. కాక పాదుకు కాలేజీలో క్రికెట్ ఆడినప్పటి స్వెటరు. అమ్మ పాదుకు కశ్మీరీ శాలువ (అమ్మ ఆ రోజంతా మాట్లాడలేదు). మేనత్తలకు దుప్పట్లు. మెకానిక్ దగ్గరికి కాకను పంపితే అతను ఏమీ అడగకుండానే నూనె మరకల జాకెట్టు ఇచ్చాడట, ఇన్నేళ్ళ పరిచయంలో మా ఇంటి సంగతి అతనికి బాగా తెలుసు. తాత పాదుకు నాయనమ్మ ఆయన మంకీ క్యాప్ పెట్టింది. ఆ తర్వాత అందరూ నావైపు తిరిగారు.

"నా దగ్గర పాత చున్నీ ఉంది" అన్నాను.

"పోరీ, నీ పాదు చున్నీ కప్పుకొని వణుకుతుంటే నువ్వు కోటేసుకొని తిరుగుతవా?" అంది నాయనమ్మ.

నేను కంప్యూటర్ కంపెనీ ఉద్యోగిని. ఉష్ణోగ్రతల గురించి, దూది దారం గురించి, బట్ట వల్ల తీగకు వేడి పుట్టదన్న విషయం గురించి శాస్త్రీయంగా వివరించాను. తాత అంతా శ్రద్ధగా విన్నాడు. విని, "ఈ ఒక్క ఏడు బిడ్డా" అన్నాడు. ఆయన అడిగిన తీరుకు నా శాస్త్రం ఏమీ పనిచేయలేదు. సాయంత్రం వెలుతురుండగానే నా లండన్ కోటును నేనే నా తీగకు తొడిగాను. రెండు కొమ్మలూ రెండు చేతుల్లో దూరాయి. వంకర బొత్తాంతో సహా అన్నీ పెట్టి, కాలరు సర్ది వెనక్కి జరిగి చూస్తే, నిజం చెప్పాలంటే నాకంటే దానికే బాగుంది. ఆ రోడ్డు మీద పోయే బస్సు మా తోట ముందు కాస్త నెమ్మదించి మరీ వెళ్ళింది. నాన్న మొహం చాటేసుకుని అద్దె కారులో కూర్చున్నాడు.

పాలా పడింది. పడాల్సిన దానికంటే గట్టిగానే పడింది. తర్వాతి వారం వెళ్ళి చూస్తే బట్టలు బట్టల్లా ఉన్నాయి, చిగుళ్ళు మాత్రం మరుగునీళ్ళు పోసినట్టు నల్లగా వాడి వేలాడుతున్నాయి. చౌదరి కూడా హుక్కా పక్కన పెట్టేశాడు, అదే ఇంకా బాధగా ఉంది. తాత గట్టు మీద కూర్చుండిపోయాడు. "ఆడ దసరాకు కోస్తరు, ఈడ కొయ్యొద్దు. గదొక్కటి అడిగితే అయిపోతుండె. అడగబుద్ధి కాలె" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. ఎప్పుడూ ఎవరి మాటా లెక్కచేయని మనిషి అలా అనేసరికి నాకు ఏడుపొచ్చింది. కాక ఎవరో వ్యవసాయ శాస్త్రవేత్తను పట్టుకుని కనుక్కున్నాడు. ఈ ప్రాంతంలో జనవరిలో, తీగ నిద్రపోతున్నప్పుడు, ఒక్కసారే కత్తిరిస్తారట. ఆ ముక్క అప్పుడే తాతకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. బట్టలు విప్పడానికి కూడా ఎవరికీ మనసు రాలేదు. అవి తోటలోనే ఉండిపోయాయి. నేను ఆ చలికాలమంతా అమ్మ పాత స్వెటర్ వేసుకుని ఆఫీసుకు వెళ్ళాను.

హోలీ వెళ్ళాక చౌదరే కబురు పంపాడు. వెళ్ళి చూస్తే నల్లబడ్డ కొసల కింద, ముదురు కొమ్మల కణుపుల్లోంచి, ఇంకో విడత చిగుళ్ళు వస్తున్నాయి. ఒక్కో పాదుకు ఎక్కడో ఒకటీ అరా గెల. తాతకు అదేమీ సంతోషం కాలేదు. ఆయన తోటలో పందిరి కిందికి వెళ్తే గెలలు నెత్తికి తగిలేవి, పండు ఉసిరికాయంత ఉండేది. ఇక్కడి పండు రేగిపండంత కూడా లేదు. పైగా ఆయన అలిగి ఎరువు వేయలేదు, ఎండాకాలంలో మోటారు పాడైతే బాగుచేయించనూ లేదు. వడగాడ్పుకు పండ్లు ఇంకా చిన్నబోయి, తోలు మందమై, నల్లగా నిగనిగలాడుతూ కూర్చున్నాయి. ఈ లోపల కాక హోటల్ సారుని పిలిచేశాడు. "రానీ. చూసి పోతడు. ఎట్లైనా అమ్ముడే గదా" అన్నాడు తాత.

జూన్‌లో, వానలకు ముందు వచ్చాడాయన. సన్నగా, పొడుగ్గా, ముక్కు మరీ పొడుగ్గా ఉండే మనిషి. ఫ్రాన్స్‌లో చదువుకొచ్చాడట. కారు దిగగానే వంగి మన్ను తీసి వాసన చూశాడు. ఆకు నలిపి వాసన చూశాడు. నాయనమ్మ ఇచ్చిన సర్వపిండిని కూడా వాసన చూశాకే నోట్లో పెట్టుకున్నాడు (అప్పటి నుంచి మా ఇంట్లో ఆయన పేరు వాసనల సారు). నాన్న ఈ వ్యవహారంతో తనకేమీ సంబంధం లేనట్టు గేటు దగ్గర నిలబడి ఆవాల చేను లేని చౌదరి పొలాన్ని దీక్షగా చూస్తున్నాడు. ఇంగ్లీషు మాటలు తాతకు, తాత మాటలు సారుకు చేరవేసే పని నాకు పడింది. ఆయన ఒక పండు తెంపి, నమిలి, గింజ కొరికి, థూ అని ఉమ్మేశాడు.

తాత మొహం ఎర్రబడింది. "తిన్న పండు ఉమ్మేసినోనికి నేను ఇయ్య. పొమ్మను" అన్నాడు.

"వాట్ ఈజ్ హీ సేయింగ్?" అన్నాడు సారు.

"ఇంకొకటి తినమంటున్నారు" అన్నాను.

ఆయన ఇంకొకటి తిన్నాడు, అదీ ఉమ్మేశాడు, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పందిరి కింద అటూ ఇటూ తిరిగి, పాదుకొక గెలను, చిన్న పండును, దాని మందపు తోలును చూసి, నావైపు తిరిగి అడిగాడు. ఇంత తక్కువ గెలలు ఉంచమని వీళ్ళకెవరు చెప్పారు, నీళ్ళు ఇంతగా ఆపేయమని ఎవరు నేర్పారు అని. మంచి వైన్ కావాలంటే ఫ్రాన్స్‌లో కూడా కాచిన గెలల్ని కోసి పారేసి ఇలాగే కొన్నిటినే ఉంచుతారట, ఇక్కడి రైతులకు ఎంత చెప్పినా ఒక్కరూ వినరట.

"ఏమంటున్నడు?" అన్నాడు తాత.

"పండు మస్తుగున్నదట తాతా. గిట్ల తక్కువ కాయించుడు ఎవలు నేర్పిన్రు అని అడుగుతున్నడు."

తాత ఒక్క క్షణం నావైపు, ఒక్క క్షణం కాక వైపు చూశాడు. తర్వాత నడుం నిటారు చేసి, మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "మా తాతలకాడికెంచి వస్తున్న పద్ధతి అని చెప్పు" అన్నాడు.

నేను చెప్పాను. ఇంగ్లీషులో అది ఇంకా గంభీరంగా వినబడింది. సారు తల వంచి తాతకు నమస్కారం పెట్టాడు. అప్పుడే ఆయన కంట నా పాదు పడింది. ఎండకు వెలిసి, పిచ్చుక రెట్టలతో, కాలరు సర్దుకుని ఎర్ర కోటు అక్కడే నిలబడి ఉంది. ఇదేంటన్నాడు. నా చదువంతా ఒక్కసారి గొంతులోకి వచ్చి, "చలికి కాపు. ఎరుపు వేడిని పట్టి ఉంచుతుంది" అన్నాను. కాక దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాడు. సారు మాత్రం ఆ గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని చూసి (వాసన కూడా చూశాడు), పంట మొత్తం తీసుకుంటానన్నాడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు. వచ్చే ఏడు కూడా అచ్చం ఇలాగే పండించాలి, కొంచెం కూడా మార్చకూడదు.

ఆ సాయంత్రం నాన్న గేటు దగ్గర నుంచి లోపలికి వచ్చి, తాత పక్కన కూర్చుని, "ఈసారి మిఠాయి డబ్బా తీసుకోవద్దు" అన్నాడు. ఆయన నోట పరిశీలిద్దాం అన్న మాట రాకుండా ఒక నిర్ణయం వెలువడటం నేను వినడం అదే మొదలు. తాత నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. తోట తాత ఉన్నన్నాళ్ళూ ఉంది. మిగతా పాదులన్నిటినీ జనవరిలో కత్తిరించి, గెలలు కోసి పారేసి, నీళ్ళు తగ్గించి పద్ధతిగానే పండించేవాళ్ళు. కానీ వాసనల సారు ప్రతి చలికాలం ఎవరో ఒక విదేశీయుణ్ణి వెంటబెట్టుకుని 'పద్ధతి' చూపించడానికి వచ్చేవాడు కాబట్టి, నా పాదునొక్కదాన్ని దసరాకే కత్తిరించి, చిగురేశాక కోటు తొడగాల్సి వచ్చేది. ఆ కోటు నా పెళ్ళి దాకా నాకు తిరిగి రాలేదు.

వైన్ సీసా ఒకటి మా ఇంటికి వచ్చింది. క్వార్టర్‌లోకి తేవద్దని నాన్న అంటే తోటలోనే తెరిచాం. నాయనమ్మ స్టీలు గ్లాసులో కొంచెం పోయించుకుని, నాలుకకు తగిలించి, "పచ్చిపులుసు లెక్కున్నది. మా నాయిన గీయించిన కల్లు దీనికన్న నయముండె" అంది. మేం నోరు వెళ్ళబెట్టాం. "దగ్గుమందని చెప్పిన్రు గదా, నాకు తెల్వదనుకున్నరా? మీరందరు గంత కష్టపడి దాస్తున్నరు, ఎందుకు అడ్డమని ఊకున్న" అని గ్లాసు ఖాళీ చేసింది.

నా పెళ్ళిలో తాత నా పాదు నుంచి కొమ్మ కత్తిరించి తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు. దాంతోపాటు వెలిసిపోయిన ఎర్ర కోటు ఉతికించి, ఇస్త్రీ చేయించి పెట్టాడు. ఇప్పుడు ఆ తీగ నోయిడాలో మా ఫ్లాటు బాల్కనీలో, పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంది. కత్తిరించాల్సింది జనవరిలోనని నాకు బాగా తెలుసు. అయినా దసరా వెళ్ళిన మర్నాడు నా చెయ్యి దానంతటదే కత్తెర మీదికి పోతుంది. "మమ్మీ, ఫిర్ సే? జనవరీ మే కర్‌నా థా నా" అంటుంది నా కూతురు. మన పద్ధతి ఇదేనే అని చెప్పి, ఆ తర్వాత డిసెంబర్‌లో బీరువా పైన నుంచి కోటు దింపుతాను. ఒకసారి అద్దం ముందు నేను వేసుకుని చూస్తాను. బొత్తాలు కలవక చాలా ఏళ్ళయింది, వంకర బొత్తాం సంగతి అసలు చెప్పనే వద్దు. నవ్వుకుని, బాల్కనీలోకి తీసుకెళ్ళి తీగకు తొడుగుతాను. దానికి మాత్రం ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది.